కప్పు లేని చోటు

దండారి అయిపోయిన వారానికి
తిర్యాణి దాటి, బండి పోనికాడ బండి ఆపి
గుట్ట ఎక్కుడు మొదలువెట్టిన.
ముప్పై మూడేండ్లు దిగుడే నా పని.
మూడో లెవెల్, నాలుగో డిప్, నీళ్లు కారే జంక్షన్.
ఎక్కుడంటే నాకు తెలిసింది
షిఫ్టు అయినంక వెలుతురు దిక్కు నడిచే
ఆ కొంచెం సేపే.

ముందట కొడప మాన్కుబాయి.
అరవై దాటినయో లేదో ఆమెకూ లెక్క లేదు.
నడుముకు కొడవలి, కొంగుల జొన్నరొట్టె,
కాళ్లకు ఏమీ లేవు.
కంపెనీ బూట్లతోటి నేను జారుతున్న.
ఈ గుట్ట పేరేందని అడిగితే
"పేరు వెట్టి పిలిస్తే దిగొస్తదా?" అన్నది.

మొదటి ఏటవాలంత టేకు.
రాలిన ఆకు ఒక్కొక్కటి చేటంత,
అడుగేస్తే అప్పడాల సంచి తొక్కినట్టు.
ఆపైన నల్లమద్దులు, మొసలి తోలు కప్పుకొని.
ఆపైన వెదురు, గాలికి పండ్లు కొరుకుతున్నది.
ఒర్రె ఎక్కడ్నో వినవడ్తది, కనవడది.
దానికంటె పెద్దగ
నా ఊపిరి వినవడ్తున్నది నాకు,
బొగ్గు తిన్నంత తిని మిగిల్చిన రొమ్ములకెల్లి.
ఆగుదామని ఆమె అనలే.
ఒక బండ మీద కూసొని
అరికాల్ల లేని ముల్లును
చాన సేపు తీసుకున్నది.

సగం గుట్టకాడ పెద్ద రాయి, తొవ్వ మీదికి వంగి.
దాని కిందికెల్లే పోవాలె.
చేతికర్ర దానంతట అదే లేచి
టక్కుటక్కున కొట్టింది.
గట్టి కప్పైతే గంట లెక్క మోగుతది,
బోలుదైతే డప్పు లెక్క.
పోచమల్లు ఒక్కనాడు వినక పోయిన ఆ చప్పుడును
ఇరవై రెండేండ్ల సంది నేను వింటనే ఉన్న.
మాన్కుబాయి నవ్వింది:
"తలుపు కొడ్తున్నవా? లోపల ఎవరున్నరు?"

పైకి రాంగనే మాట పడిపోయింది.
గుట్ట వెనుక గుట్ట, దాని వెనుక ఇంకోటి,
తడి గొంగళ్లు ఆరేసినట్టు
నల్లగ, నీలంగ, పొగ లెక్క, ఇగ రంగే లేకుండ.
తీగ లేదు, స్తంభం లేదు, చిమ్నీ లేదు.
ఒక గద్ద మాకంటె కింద తిరుగుతున్నది.
దాని వీపు చూసిన.
గద్దకు వీపుంటదని
అరవై ఒకటో ఏట తెలిసింది నాకు.

అలవాటుకు కర్ర లేపిన.
కొట్టి చూడనీకి ఏమీ లేదు.
అంత దూరం, అంత ఎత్తు,
పెచ్చు రాలని నీలం.
నిలవడ్డోన్ని కూసున్న, కూసున్నోన్ని ఒరిగిన,
గడ్డి చెవుల్ల గుసగుసలాడింది,
ఎప్పుడు కన్ను మూతవడ్డదో.

పక్కకు తిరిగితే చెంపకు సల్లగ తగిలింది.
గడ్డిల జానెడు సిమెంటు దిమ్మె,
నడుమ ఇనుప గొట్టం, మూత,
పసుపు పెయింటుతోటి అంకెలు.
అద్దాలు తీయకుండనే చదివిన.
పొర ఎంత మందమో, ఎంత లోతుకున్నదో
కడ్డీలు కడ్డీలుగ రాయి తీసి
డబ్బాల్ల పేర్చుకొని పోయిన్రు ఎవరో.

"రెండేండ్ల కింద వచ్చిన్రు, నీళ్ల కోసమన్నరు,"
రొట్టె రెండు తుంచుతున్నది మాన్కుబాయి.
పెద్ద తుంచు నా దిక్కు పెట్టింది.
నా ఇల్లు, పిల్ల చదువు, ఈ రొమ్ముకు మందులు,
నాలుక మీదున్న రొట్టె తప్ప
అన్నీ బొగ్గు ఇచ్చినయే.
ఎట్ల చెప్పాల్నో తెల్వక
"నీళ్లకు కాదు," అన్న.
ఆమె నమలుడు ఆపలే.
"గుట్ట నెత్తి మీద నీళ్లకు బోరేస్తరా ఎవరన్న?
మాకు తెల్వదనుకున్నరు.
ఉప్పు సరిపోయిందా?"

సరిపోయింది.

పొద్దు వాలంగ లేచినం.
దిగేముందు కర్రతోటి ఆ మూతను కొట్టిన.
డప్పు లెక్కనే మోగింది.
లోపల ఎవరున్నరని
ఈసారి ఆమె అడగలే.