తోక చివరలు

కాపర్ నదిలో నీళ్ళు కనబడవు.
మంచుకొండ నూరిన రాతిపిండి
పడవ అడుగుని రాసుకుంటూ పోతుంది,
కాలిన పెనం మీద నీళ్ళు చిలికినట్టు
సుయ్‌మని ఒకటే చప్పుడు.
ఈ గుడ్డితనం వల్లే మాకు తిండి.
సాల్మన్‌కి మా బుట్ట కనబడదు,
మాకు సాల్మన్ కనబడదు.
మధ్యలో నది, ఇద్దరి గుట్టూ తెలిసి ఊరుకుంటుంది.

చక్రం ఎవన్ మామయ్య కట్టాడు,
స్ప్రూస్ దుంగలు, కోళ్ళగూటి తీగవల.
మోటారు లేదు. తోసేది నదే.
దాని నొసట ఒక పలక, పలక మీద పర్మిట్ నంబరు,
కింద అమ్మమ్మ పేరు, లుకేరియా,
రేంజరు అవతలి ఒడ్డు నించి చదవగలిగేంత పెద్దగా.
ఇదంతా ఇప్పుడు నేషనల్ పార్కు.
అమ్మమ్మ పుట్టిననాడు దీన్ని
"ఎగువ" అనేవాళ్ళు, అంతే.

ఫారం నేనే నింపుతాను, ఆవిడ కళ్ళకి పొర కమ్మింది.
"ఇంట్లో ఎంతమంది?" అని ఒక గడి.
అమ్మమ్మ వేళ్ళు ముడుస్తుంది:
నువ్వూ నేనూ ఎవనూ,
చక్రం వరదకి కొట్టుకుపోయిన గాబ్రియెల్ వాళ్ళు ఐదుగురు,
ఆంకరేజి ఆస్పత్రిలో డయాలసిస్ మీదున్న మా చెల్లెలు
(దానికి ఉప్పు పడదు, తలకాయ ఉడికించిన నీళ్ళు చాలు),
చలికాలం ఎవరైనా పోతే
ఆ విందుకి వచ్చేవాళ్ళు ఎందరో ఇప్పుడే ఎలా చెప్పను?
గడిలో మూడు అని రాశాను.
రాసింది ఆవిడకి చదివి వినిపించలేదు.

పట్టిన ప్రతి చేపకీ
తోక రెండు చివరలూ కత్తిరించాలి. రూలు.
తిండికి పట్టిన చేపకి అది గుర్తు, ఇక దాన్ని అమ్మకూడదు.
"అమ్మాలని ముందసలు ఎవరికి తోచింది?" అంటుంది అమ్మమ్మ.
అని, కత్తెర ముట్టకుండా తన కత్తితోనే
పసిబిడ్డ గోళ్ళు తీసినంత ఒడుపుగా కోస్తుంది.

ఈ ఏడు చేప రాలేదు.
పదకొండు రోజులు బుట్టలు నీళ్ళే ఎత్తి నీళ్ళే పోశాయి.
ఫారంలో పదకొండు సున్నాలు ఒకదాని కింద ఒకటి.
పొగగదిలో ఉత్త కర్రలు.
డబ్బాల తిండి తిన్నాం. ఎవన్ మాట్లాడ్డం తగ్గించాడు.
ఎలుగుబంటి ఒకటి వచ్చి పెట్టెలోకి తొంగిచూసి
మా మీద జాలిపడ్డట్టు వెళ్ళిపోయింది.

పన్నెండో నాడు, చీకటి పడని ఆ రాత్రి,
దబ్‌మని ఒక్కటి.
ఎర్ర సాల్మన్, మోచేయంత,
ఒంటి మీద ఇంకా సముద్రపు వెండి.
నా నోట్లో నీళ్ళూరాయి, నిజం చెప్పాలి.
అమ్మమ్మ దాన్ని తడిమి, తోక చివరలు కోసి,
గోనెలో చుట్టి నా చేతుల్లో పెట్టింది.
"గాబ్రియెల్ వాళ్ళమ్మకి. మొదటిది మనది కాదు."
దారి పొడుగునా అది నా కడుపుకి ఆనుకుని
చల్లగా, బరువుగా.
ముసలామె తలుపు తీసింది, సంతోషం అని కూడా అనలేదు.
"వచ్చాయా," అంది.
తోక చూసి పకపకా నవ్వింది:
"దీనికీ క్షవరం చేశారే!"

తిరిగొచ్చి ఫారంలో ఒకటి అని రాశాను.
ఇచ్చినదానికి గడి లేదు.

అప్పట్నించి మళ్ళీ కిర్రు, కిర్రు, దబ్, కిర్రు.
అది తిరుగుతున్నంతసేపూ మా ఇంట్లో నిద్ర.
ఏ దుంగో అడ్డుపడి ఆగిందా,
అందరం ఒక్కసారే లేచి కూచుంటాం.
ఎవన్ బూట్లు వెతుక్కుంటాడు.
కళ్ళు తెరవకుండానే అమ్మమ్మ అడుగుతుంది:
"ఆగింది నదా, మనమా?"