చదవని చెట్టు

మా అక్క సోలోంగో ఫోన్లో చెట్లు పెంచుతోంది.
పాతిక నిమిషాలు ముట్టుకోకపోతే చాలట,
విత్తు మానవుతుంది.
ముట్టుకుంటే అక్కడికక్కడే మోడు.

ఉలాన్‌బాటర్ కొండవాలు మీద మా గుడారం.
బయట సున్నాకి ముప్పై కింద.
చుట్టుపక్కల నిటారుగా నిలబడ్డవి
పొగగొట్టాలే.

"గొర్రెలు తింటాయా దాన్ని?" అంది అమ్మమ్మ యంజ్మా.
"తినవు."
"మరెందుకూ?"
అక్క తలెత్తలేదు.
మొన్న నాన్న గని నుంచి ఫోన్ చేస్తే ఎత్తింది,
ఒక మొక్క చచ్చింది.
ఎత్తకపోతే ఏం చచ్చేదో
ఆ యాప్‌కి తెలీదు.

నా పని బొగ్గు.
పొయ్యి ఆరకముందే ఓ ముద్ద వెయ్యాలి,
మూత చప్పుడవకూడదు, నేను దగ్గకూడదు.
జూన్‌లో పరీక్ష. నర్సు చదువు. నలభై సీట్లు.

నిన్న రాత్రి పెద్ద చెట్టుకి పెట్టింది, గంటన్నరకి.
నేను ముద్ద వేసి తిరిగేసరికి
రసాయనశాస్త్రం మీద చెంప ఆనించి
నిద్రపోతోంది.
పక్కన ఫోన్లో
ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతోంది చెట్టు.
లేపలేదు.
ఇంకో ముద్ద వేశాను.

పొద్దున చూసుకుని నా మీద అరిచింది,
"ఇది చదివింది కాదురా!"
తీసెయ్యాలని ఫోనంతా గాలించింది.
ఎండినదాన్ని పీకే మీట ఉంది గానీ
బతికినదాన్ని నరికే మీట లేదు.

తోపులో నూటపద్నాలుగు చెట్లు.
అన్నిటికంటే గుబురుగా ఉన్నది అదే.
అమ్మమ్మకి చూపించాను.
కళ్లు చికిలించి చాలాసేపు చూసి
"దీని కింద ఎవరో పడుకున్నట్టున్నారే," అంది.