పావు మైలు

శుక్రవారం సాయంత్రం సాఖిర్ ఎడారిలో
జనం కంటే ముందు నేనొస్తాను,
వీపు మీద జిగురు డబ్బా మోసుకుంటూ.
తారు మీద చల్లి, రబ్బరు రుద్ది
ఎట్లా తయారు చేస్తానంటే
అడుగేస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది,
కాలొక్కటే ముందుకొస్తుంది.
పదకొండేళ్లలో నాలుగు జతలు తినేసింది ఈ పావు మైలు.

తర్వాత బండ్లొస్తాయి.
బండ్ల వెనకాల అభిప్రాయాలొస్తాయి.

"అయిపోయింది. ఇక దీని పని అయిపోయింది."
బూ జాసిం. మూడో వరస, చివరి కుర్చీ.
నేను చేరిన మొదటి వారం కూడా ఇదే మాటన్నాడు.
"మా రోజుల్లో నైట్రో మండితే
ఏడుపు రాకుండానే కన్నీళ్లొచ్చేవి,
పక్కటెముకలు ఎన్నో లెక్క తెలిసేది.
ఇప్పుడు కంప్యూటరు నడుపుతుంది,
మనిషి బరువు కోసం కూర్చుంటాడు."
ఖర్జూరం గింజ అరచేతిలోకి ఉమ్మి
జేబులో వేసుకుంటాడు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

టైర్ల షెడ్డు జుల్ఫికర్ లెక్క వేరు:
"రెండు టైర్లు, నా మూడు నెలల జీతం.
ఏడు సెకన్లలో పొగ.
ఇక్కడ లోపలికి రాలేని కుర్రాడు
రాత్రి రెండింటికి రోడ్డు మీద పందెం కడతాడు.
పోలీసులకు దొరికితే అదృష్టం."

చాయ్ కుంజుమోన్‌కి భవిష్యత్తు అంటే డబ్బా:
మునుపు మూడు అమ్మేవాడు, ఇప్పుడు ఒకటిన్నర.
ఆ సగమే ఏలకుల ఖర్చు తెస్తోందట.

యజమాని పిల్లల చెవులు రెండు చేతులా మూసి
రాయచోటి సుగుణమ్మ నన్నడుగుతుంది:
"ఆ కాడికి పోయేదానికి ఇంత అగ్గి ఎందుకు నాయనా?
మళ్లీ ఈడికే రావల్ల గదా!"
నిజమే, వస్తాయి.
గెలిచిందీ ఓడిందీ పక్కదారిన,
ఒక్కోసారి తాడు కట్టించుకుని, జీపు వెనకాల.
అటు ఎవరూ చూడరు.

ఈ రాత్రి లూల్వా కరెంటు బండి తెచ్చింది.
పక్క లైనులో వాళ్ల మేనమామ, ఎనిమిది సిలిండర్లతో.
లైట్ల చెట్టు మీద పసుపు, పసుపు, పసుపు, పచ్చ.
గుడ్డ చింపినట్టు ఒక చప్పుడు,
అంతే. మేనమామ ఉరుము వెనకబడి వినిపించింది.
చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఎవరికీ తెలియలేదు.
కుర్రాళ్లు ఫోన్లు దించి ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇది పందెమా? లిఫ్టు," అన్నాడు బూ జాసిం,
"అడ్డంగా పడుకోబెట్టిన లిఫ్టు."

నన్నెవరూ అడగరు గాని
మా గిద్దలూరు వైపు బండలాగుడు పోటీల్లో
మా నాయన కొలత టేపు పట్టేవాడు.
ఈ ఆట పేరుకి అర్థం లాగడమేనని
ఎవరో చెప్పినప్పుడు నవ్వొచ్చింది.
అక్కడ ఎద్దులు రాయిని లాగేవి.
ఇక్కడ రాయి కనపడదు.
"ట్రాక్టర్లొచ్చినంక ఇంకేం ఎద్దులురా,
వచ్చే ఏడు చూడండి, ఒక్క జత రాదు,"
అనేవాళ్లు తువ్వాలేసి ముందు వరస ఆపుకున్నవాళ్లే.
వచ్చే ఏడు కూడా ఆ తువ్వాలే.

దీపాలు సగం ఆర్పారు.
నేను పారతో రబ్బరు తొక్కలు గీకుతున్నాను.
నల్లచారల్లో ఏది పెట్రోలుదో ఏది కరెంటుదో
నా వల్ల కాలేదు.

చూస్తే, గీత దగ్గర బూ జాసిం.
ఎవరూ లేరనుకుని కిందికి దిగొచ్చాడు.
గొంతుక్కూర్చుని, లూల్వా చార మీద
రెండు వేళ్లు పెట్టి, వాసన చూసుకున్నాడు.
లేచేసరికి తోలు చెప్పు రాలేదు.
వెళ్లి ఊడదీసి ఇచ్చాను.

"ఆ పిల్ల వచ్చే వారం వస్తుందా?"
"వస్తుందనే అన్నారు."
కాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత, ఒంటికాలి మీద నిలబడి,
నా భుజం పట్టుకుని,
జిగురు కూడా మునుపట్లా లేదన్నాడు.