కుడి సీటు

మెరెడిన్ దాటాక గోధుమ తప్ప ఇంకేం లేదు.
కోతలకి హార్వెస్టర్ నడిపే మనిషి కావాలని ప్రకటన ఇస్తే
మొదట ఫోన్ చేసింది విమానాలు నడిపినవాడు.
"చక్రాలున్నదేదైనా నేర్చుకుంటాను" అన్నాడు.
నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

రస్సెల్ టీగ్. పదిహేడేళ్ళ సర్వీసు.
రెండు వందల మందిని వెనక కూర్చోబెట్టుకుని మబ్బులు దాటినవాడు
ఒక మంగళవారం, ఫోన్ తెర మీద మీటింగులో,
మైకు మ్యూట్‌లో ఉండగానే
ఉద్యోగం పోగొట్టుకున్నాడట.

మొదటిరోజు ఇంజను తిప్పేముందు
యంత్రం చుట్టూ ప్రదక్షిణ చేశాడు,
టైరు తట్టి, బెల్టు తడిమి.
క్యాబిన్‌లో ఇంకెవరూ లేరు. అయినా పైకే చదివాడు:
పార్కింగ్ బ్రేకు, వేసి ఉంది.
ధాన్యం తొట్టి, ఖాళీ.
మంటలార్పే సిలిండరు, చేతికందే దూరం.
"ప్రార్థనా?" అంది మా వెండీ.
ఏమో.
ముప్పై ఏళ్ళుగా నేను దాన్ని తిట్టే స్టార్ట్ చేస్తున్నాను.

ట్రక్కు నీడలో రొట్టె తింటూ తన అంకె చెప్పాడు:
పదకొండు వందల నలభై మూడు.
"చేరిన తేదీని బట్టి వరస.
తీసేసేది కిందనుంచి, పిలిచేది పైనుంచి."
సైలో ముందు లారీల వరసలాగానా, అన్నాను.
"అలాగే. కాకపోతే గేటు ఎప్పుడు తీస్తారో
గేటు దగ్గరున్నవాడికీ తెలీదు."
యాభై ఆరేళ్ళు. అరవై ఐదుకి ఆకాశం మూసేస్తారు.
తొమ్మిది వేళ్ళు మడిచి
పదోదాన్ని అలాగే వదిలేశాడు.

రాత్రిళ్ళు అతని రేకుల గదిలో దీపం ఉండేది కాదు.
గోడకి అతికించిన కాక్‌పిట్ బొమ్మ మీద
కాగితపు మీటల్ని చీకట్లో తడుముకునేవాడు,
చేతులు మర్చిపోకుండా.

డిసెంబరు రెండున, పడమటి చేను సగం కోత మీద ఉండగా
"రమ్మన్నారు" అన్నాడు.
ముఖంలో పండగ లేదు.
ఎడమ సీటు కాదట, మళ్ళీ కుడి సీటే.
జీతంలో మూడోవంతు కోత. ఊరు డార్విన్.
పైనున్న ముప్పై ఏడుగురు రాలేమన్నారట:
ఒకాయన బేకరీ పెట్టాడు,
ఒకామెని కంటిపరీక్ష ఆపేసింది,
ఒకరి ఫోన్ మోగి మోగి ఊరుకుంది.
"వాళ్ళు ఖాళీ చేసిన మెట్ల మీదే ఎక్కాను" అన్నాడు.
అభినందించాలో లేదో తెలీక
నేను డీజిల్ సంగతి ఎత్తాను.

ఆ రాత్రి చేను అయ్యేదాకా దిగలేదు.
తెల్లారి వడగళ్ళు పడ్డాయి,
కోసేసిన నేల మీద.

ఈ ఏడు తోలుతున్నది మా చెల్లెలి కొడుకు.
అద్దం మూల రస్సెల్ చేతిరాత పసుపు తిరిగింది.
వాడు టీకి దిగినప్పుడు నేనెక్కి కూర్చుంటాను.
పార్కింగ్ బ్రేకు, అంటాను పైకే.
పక్కనెవరో జవాబివ్వాలన్నట్టు
కాస్త ఆగుతాను.