సున్నం గీతలు

ఎనిమిది గీతలు గీసిన.
వంట చేసే మల్లికాంబ దగ్గర బకెట్ అడుక్కొని
గోడలకు పోను మిగిలిన సున్నం కలిపి
బడి వాకిట్ల, పొద్దుగాలనే.
తొమ్మిదో గీత నడుమ సున్నం అయిపోయింది.
సగం గీత అట్లనే ఉన్నది.

"ఇది జీబ్రా" అన్న.
"కాళ్లేవి సార్?" అన్నడు ఒకటో తరగతి రిషిత్.

ములుగు రోడ్డు మీద బడి మాది.
గేటు దాటితే పదకొండు అడుగులు,
ఆ తర్వాత తారు.
అవతల పిల్లల ఇండ్లు, బోరింగు, చాక్లెట్ల డబ్బా.
ఇవతల గుణింతాలు.
నడుమ, ఏటూరునాగారం దిక్కు నుంచి
రాత్రనక పగలనక దిగే ఇసుక లారీలు.

అట్టముక్కలు కత్తిరించి మూడు గుండ్రాలు చేసిన.
ఎరుపు, పసుపు, పచ్చ.
"ఇవి యాడ చూసిండ్రు?" అంటే
ఒక్క చెయ్యి లేచింది:
"హన్మకొండ చౌరస్తల సార్,
తమ్మునికి జరమొస్తే దవాఖానకు పోయినప్పుడు."
కడమ పిల్లలకు
ఎరుపంటే మిరప కల్లం,
పసుపంటే సమ్మక్క బండారి,
పచ్చంటే ఇంకా పాలు పట్టని మక్క కంకి.

ఆట మొదలువెట్టినం.
ఖాజా పాషా ఆర్టీసీ బస్సు.
ఎక్కెటోళ్లు లేకున్నా ఆగుతడు,
తనే ఎక్కినట్టు "రైట్ రైట్" అంటడు.
కవలలిద్దరూ పత్తి ట్రాక్టరు,
వెనకున్నోడు ట్రాలీ, ఊగుడే ఊగుడు.
లారీ ఎవరంటే ఎవరూ లేవలే.
కొంచెం సేపటికి జాటోత్ పూర్విక లేచింది.
మూడో తరగతి. తండ్రి భద్రు లారీ డ్రైవరు.

నేను పుస్తకంల ఉన్నది చెప్పిన:
కుడికి చూడాలె, ఎడమకు చూడాలె,
మళ్ల ఒకసారి కుడికి.
చెయ్యెత్తితే బండి ఆగుతది.
గౌతమి చెయ్యెత్తింది, గీతల మీద అడుగేసింది.
పూర్విక ఉరికొచ్చి గుద్దింది.
ఆరీ ఆరని సున్నంల ఇద్దరూ పడ్డరు.

"ఆగాలె గదా బిడ్డా!" గద్దించిన.
మోకాలు దులుపుకుంట అన్నది:
"ఆగిన సార్. ఆగుకుంటనే వచ్చిన.
లోడు మీదున్నది ఆగమంగనే ఆగదు.
నాయిన బిరేకు మీద లేచి నిలవడ్తడు,
అయినా పోతది.
చింతచెట్టు కాడ తొక్కితే
బోరింగు కాడ ఆగుతది."

ఆర్టీసీ బస్సు సుత
"రైట్ రైట్" అనుడు బంద్ చేసింది.

"ఇంకోటి సార్.
నాయిన సీట్ల నేను కూసున్న ఒకసారి.
అద్దంల అడివంత కనవడ్డది,
గోదారి రేవు కనవడ్డది.
బంపరు కాడ నిలవడ్డ అమ్మ కనవడలే.
సద్దిగిన్నె పట్టుకొని పిలుస్తనే ఉన్నదట."

ఇరవై రెండేండ్ల సర్వీసు నాది.
టీటీసీల చదివిన, ట్రైనింగులల్ల విన్న,
రోడ్డును ఎప్పుడూ కిందికెల్లే చూసిన.

నల్లబల్ల మీద
కుడినీ ఎడమనూ ఉండనిచ్చిన.
"చెయ్యెత్తితే ఆగుతది" తుడిచేసి
చాక్‌పీసు పూర్వికకు ఇచ్చిన.
వంకర అక్షరాలు, ఒక వత్తు తప్పు:
"డ్రైవరు కండ్లు నీకు కనవడకుంటే
నువ్వు డ్రైవరుకు కనవడవు."
వత్తు దిద్ద బుద్ధి కాలే.

శుక్రవారం రాత్రి వాన పడ్డది.
తెల్లారేసరికి గీతలు లేవు,
చూరు కిందున్న ఆ సగం గీత తప్ప.
ఇంటర్వెల్‌ల గౌతమి ఉరుకుతున్నది.
గీతలున్న తావు కాడికి రాంగనే ఆగింది.
కుడికి చూసింది: కోడిపెట్ట.
ఎడమకు చూసింది: బియ్యం కడిగే మల్లికాంబ.
మళ్ల కుడికి చూసింది.
అయినా దాటలే.
గోడ కాడ జామకాయ కొరుకుతున్న పూర్విక
తలెత్తిందాక ఆగింది.
కండ్లు కండ్లు కలిసినంక
నిమ్మళంగ దాటింది.

స్పీడ్ బ్రేకరు కోసం అర్జీ మూడోసారి రాసిన.
జవాబు రాలే.

సాయంత్రం గేటు కాడ
ముప్పై ఒక్క మంది, నేను.
లారీ పోయింది.
తడి ఇసుకకెల్లి కారిన నీళ్లు
తారు మీద సన్నగా ఒక గీత గీసి పోయినయి.
మా ఊరి రోడ్డు మీద గీతంటే అదొక్కటే.
అది ఆరేదాక ఆగుమన్నది పూర్విక.
ఆగినం.