ఇంకు తేడా

హన్మకొండ చౌరస్తా వెనక సందుల మా షాపు.
చదరపు అడుగు పన్నెండు రూపాయలు.
నోటిఫికేషన్ పడ్డ కాడి నుంచి మిషన్ ఆగలేదు,
సద్ది విప్పితే అన్నంల కూడ ఇంకు వాసన.

ముఖాలకు సైజులుంటయి.
ఎక్కడా రాసి పెట్టలేదు గాని నాకు నోటికొచ్చు:
పెద్దాయనది నిలువెత్తు, మబ్బుల్లోంచి దిగుతున్నట్టు,
జిల్లా ఆయనది నడుము దాకా,
మండలమాయనది మెడ దాకా, జోడించిన చేతులు అదనం.
ఎస్సీ సెల్, ఎస్టీ సెల్, మైనార్టీ సెల్
కింది వరుసల, రూపాయి బిళ్ళంత గుండ్రాలు.
"అందర్ని ఏసినవ్ గదా? ఎవలూ మిగల్లేదు గదా?"
మిగల్లే సార్.
అందరూ పట్టిండ్రు.

మొన్న రాత్రి తాడ్వాయి నుంచి రెండు జీపులొచ్చినయి.
ఎస్టీ మహిళకు రిజర్వైన సీటు.
ముందు జీపుల దిగినోళ్ళతోని కుర్చీలన్నీ నిండినయి.
వెనక జీపుల దిగిన ఈసం పగిడమ్మ
(క్యాండేటు ఆమెనే)
చెప్పులు బయట విడిచి
గడప కాడ నిలబడ్డది.

"అమ్మ ఫొటో జర తెల్లగ చెయ్ తమ్మీ,
పబ్లిక్‌ల మంచిగ కనపడాలె"
చాయ ఊదుకుంట చెప్పిండు మండలమాయన.
నాకు కొత్త కాదు.
తెర మీద ఒక గీత ఉంటది, గీత మీద ఒక బొడిపె.
కుడికి జరిపితే చాలు:
మిరప కల్లంల ఎండలు, తునికాకు ఏరిన పొద్దులు,
గోదారి దాటొచ్చిన తాతలు
తోలు మీంచి దిగి ఎటో పోతరు.
నలభై శాతం. యాభై.
ముక్కుపుడక కూడ వెలిసిపోయింది.

పగిడమ్మ దగ్గరికొచ్చి తెర దిక్కు చూసింది.
"ఈమె ఎవలు?"
అందరూ నవ్విండ్రు. ఆమె నవ్వలేదు.
"ఈమెకు ఓటెయ్యమంటే మా గూడెపోళ్ళు
ఈమె ఇల్లెక్కడ అని అడుగుతరు.
నేనేం చెప్పాలె?"
కొంచెం ఆగి మళ్ళ అంది:
"నిలబడ్డది నేను గదా,
అందరి కన్న కింద ఎందుకున్న?"

మిషన్ సప్పుడొక్కటే.
"పార్టీ పద్ధతమ్మా" అన్నడు మండలమాయన,
"మనల కులం, గోత్రం ఎవలు చూస్తరు, అంతా ఒక్కటే కుటుంబం.
సైజులు పై నుంచి వస్తయి."

మా నాయన గోడలు రాసేటోడు.
డబ్బాల ఒకటే నీలం, చేతుల ఒకటే కుంచె,
ఏ నాయకుడి మొఖమైనా నీలమే.
పరకాలల ఒక దొర ప్రహరీ మీద
మూడు రోజులు 'సమానత్వం' అని రాసిండట,
ఆరడుగుల అక్షరాలు.
దూపైతే గేటు బయట దోసిలి పట్టిండు.
'త్వం' కాడ కండ్లు తిరిగి పడ్డడు.
ఇది పగిడమ్మకు నేను చెప్పలేదు.
డెలివరీ పొద్దుగాల ఆరింటికి.

జీపులు పోయినంక బొడిపెను ఎడమకు గుంజిన.
ఆమె రంగు మెల్లగ తిరిగొచ్చింది,
ముందుగాల చెంపలకు, తర్వాత మెడకు,
ఆఖరికి ముక్కుపుడక తళుక్కుమంది.
సైజు మాత్రం ముట్టలేదు.
షాపు కిరాయి, పిల్ల ఫీజు, రేపటి ఆర్డర్లు...
సాకులు కూడ నాకు నోటికొచ్చు.

తెల్లారి ఫోను: "ఏందిర, నల్లగొచ్చింది?"
"ఇంకు తేడా సార్" అన్న.
అప్పటికే యాభై ఫ్లెక్సీలు
రోడ్డెంబడి ఇప్పచెట్లకు కట్టిండ్రట.

ఆదివారం బండి మీద అటు పోయిన.
ఒక ముసలాయన మేకలు ఆపి
కింది వరుసకు మొఖం ఆనించి చూస్తుండు.
"మన పగిడే" అన్నడు నా దిక్కు తిరిగి,
"జెరమొచ్చిందా ఏంది బిడ్డా,
గింత చిన్నగైంది?"

కిక్కు కొట్టిన.
బండి అందుకోలేదు.
మళ్ళ కొట్టిన.
ఆయన ఇంకా నా దిక్కే చూస్తుండు.