రెండున్నర ఆరాధన

మాకు గుడి దొరికేది ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి.
పొద్దుటి ఆరాధనకొచ్చిన పదకొండుమంది ముసలివాళ్ళు
టీ కప్పులు కడిగి బోర్లించి పోయాక
మేం కోట్లు విప్పకుండానే బల్లల మీద కూర్చుంటాం.
హీటరు మీటర్లో పౌండు బిళ్ళ వేస్తే నలభై నిమిషాలు.
యోబు పాస్టరు గారి ప్రసంగం యాభై.

వారమంతా ఆయన పార్సిల్ వ్యాను నడుపుతారు.
బార్న్‌స్లీలో ప్రతి కుక్కా ఆయన్నెరుగు.
"గుమ్మంలో నిలబడి తట్టడం మా వృత్తి" అని నవ్వుతారు,
"తీసేవాళ్ళే తక్కువ."

గుడి నుదుటి మీద రాతిలో చెక్కి ఉంది: ఎబినేజరు.
మా చినతాత పేరు.
ఇక్కడివాళ్ళు దాన్ని ముక్కుతో పలుకుతారు.
ఆయన చెప్పులు కుట్టేవాడు,
సంతకం చోట బొటనవేలు ఒత్తేవాడు.
ఆ పేరు ఇక్కడ అడుగెత్తు అక్షరాల్లో
వానకి తడుస్తూ.

అక్కడ మా గుడి ఊరికి బయట,
తుమ్మలు దాటాక.
వానొస్తే రేకుల చప్పుడులో మా ప్రార్థన
దేవుడికి తప్ప ఇంకెవరికీ వినపడేది కాదు.
ఇక్కడ ఊరి నడిబొడ్డున గుడి,
ఎదురుగా పందేల కొట్టు, పక్కనే చేపల వేపుళ్ళు.
నడిబొడ్డుకి రావడానికి మాకు
ఇన్ని సముద్రాలు పట్టాయి.

అయినా, మొన్న కొత్తగా వచ్చినావిడ
చెయ్యి కలిపి అడిగింది,
"మీ ఇంటిపేరేంటమ్మా?"
చెప్పాను.
చెయ్యి వదిలేసింది, మెల్లగానే.

ఇండియా నుంచి వచ్చిన పెద్దలు
రిపోర్టులో రాసుకోడానికి అడుగుతారు:
పరిచర్య ఎలా సాగుతోంది, ఎన్ని ఆత్మలు, ఎన్ని బాప్తిస్మాలు?
ఏం చెప్పను?
వృద్ధాశ్రమంలో కెజియాది రాత్రి డ్యూటీ, నాది పగలు.
పుళ్ళు పడకుండా పక్కలు మారుస్తాం,
గడ్డాలు గీస్తాం,
పళ్ళ సెట్లు గ్లాసులో వేసి మూత పెడతాం.

వాల్టర్ ఆక్‌రాయిడ్, తొంభై ఒకటి.
గని మూసేసి నలభై ఏళ్ళవుతున్నా
ఆయన రొమ్ములో ఇంకా బొగ్గు తవ్వుతూనే ఉన్నారు.
మొదటి నెల నా చెయ్యి తోసేసేవాడు.
నేననుకున్నది వేరు.
"చల్లగా ఉంది" అన్నాడొకరోజు.
అంతే. అరచేతులు రుద్దుకుని మళ్ళీ వెళ్ళాను.

ఆఖరి రాత్రి కెజియా పక్కన కూర్చుని
గొంతు తగ్గించి, తెలుగులో,
మా అమ్మమ్మలు నాట్లేస్తూ పాడుకున్న పాట పాడిందట.
దుప్పటి మీద ఆయన బొటనవేలు
తాళం వేసిందట.
ఎప్పుడో ఏ దొరసానో ఓడలో తెచ్చి
మా పల్లెకిచ్చిన రాగమేమో.
లేక ఉత్త వణుకేమో.
కెజియా తేల్చుకోలేదు. నేనూ తేల్చను.

సమాధికి ఆయన తరఫున ఎవరూ రాలేదు.
మేనల్లుడు కార్డు పంపాడు, పూల బొమ్మది.
మేం పద్నాలుగుమందిమి వెళ్ళాం,
చీరల మీద కోట్లు, కోట్ల మీద వాన.
మట్టి వేస్తుంటే కెజియా ఆ పాటే ఎత్తుకుంది,
మూడో చరణం మాకెవరికీ సరిగ్గా రాలేదు.
గొయ్యి తవ్వినవాళ్ళు పార ఆనించి
టోపీలు తీశారు.

తిరిగొచ్చేసరికి, పసుపు గీత మీద ఆపిన వ్యానుకి
జరిమానా కాగితం అంటించి ఉంది.
ముప్ఫై ఐదు పౌండ్లు.
కానుకల సంచిలోంచి కట్టాం.
లెక్కల పుస్తకంలో దీవెనమ్మ గారు
కళ్ళజోడు సర్దుకుని, కాస్త ఆలోచించి,
ఆ ఖర్చుకెదురుగా రాశారు:
సువార్త నిమిత్తం.